జీతం లేకపోయినా సరే, నీ పని చదివే మనిషి ఉన్నారా?

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లె. విజయనగరం జిల్లాలోనే ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో సి.ఎస్.ఇ. మూడో ఏడాది చదువుతున్నాను. నాన్నకి రెండెకరాలుంది, మొక్కజొన్న వేస్తారు. అమ్మ మిషను కుడుతుంది. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ నన్ను 'క్వాంటం ఎ.ఐ. రీసెర్చ్ ఇంటర్న్'గా తీసుకుంటానంది. మే నుంచి ఆరు నెలలు, రోజూ ఆఫీసుకి వెళ్ళాలి, స్టైపెండ్ లేదు. పని నచ్చితే ఉద్యోగం ఇచ్చే అవకాశం ఉందన్నారు. ఆఫర్ లెటరు జత చేస్తున్నాను. హాస్టలు, తిండి, బస్సు అన్నీ కలిపి నెలకి 11 వేలు అవుతుంది. అమ్మ తన గొలుసు తాకట్టు పెడతానంటోంది. ఇంకోపక్క వేరే రాష్ట్రంలో ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్ గారికి నేను మెయిల్ రాస్తే జవాబిచ్చారు. వేసవిలో ఎనిమిది వారాలు ఇంటి నుంచే తెలుగు స్పీచ్ రికగ్నిషన్ (మాట విని అక్షరాల్లో రాసిపెట్టే ప్రోగ్రాం) మీద పని చేయొచ్చు, ఇవ్వడానికి మాత్రం డబ్బు లేదు అన్నారు. రెజ్యూమేలో క్వాంటం అని ఉంటే చాలు, హైదరాబాద్ వెళ్ళిపో అని ఫ్రెండ్స్ అంటున్నారు. నాన్న మాత్రం "కూలికి వెళ్ళినా సాయంత్రానికి డబ్బులు చేతిలో పెడతారు, ఇదేం పనమ్మా" అంటున్నారు. నా దగ్గర 8 జి.బి. ల్యాప్‌టాప్ ఉంది. ఎవరి మాట వినాలి?

సమాధానం:

అమ్మా,

నీ ఉత్తరంలో నాన్నగారి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఉపాధి హామీ పనికి 2025-26లో మన రాష్ట్రానికి నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. ఎండలో చెరువు మట్టి తవ్వే మనిషి పనికి వెల ఉందని చట్టమే ఒప్పుకుంది. మూడేళ్ళు ఇంజినీరింగ్ చదివిన కూతురు ఆరు నెలలు పనిచేస్తే ఏమీ ఇవ్వం అని కాగితం మీద రాసి పంపితే, ఆ తండ్రికి మనసెలా ఒప్పుతుంది?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హైదరాబాద్ వెళ్ళొద్దు. ప్రొఫెసర్ గారి దగ్గర చేరు, కాకపోతే చేరేముందు కొన్ని సంగతులు తేల్చుకో. రెండు చోట్లా డబ్బు లేనప్పుడు తేడా ఏముందని అడుగుతావు. జీతం లేని చోట నీకు రావలసింది ఒక్కటే ఉంది. నీకంటే ఎక్కువ తెలిసిన మనిషి వారం వారం నీ పని చదివి, ఇక్కడ తప్పింది, ఇక్కడ బాగుంది, ఇది మళ్ళీ చెయ్యి అని చెప్పాలి. పరిశోధన అలాగే పట్టుబడుతుంది, ఇంకో దారి నేను చూడలేదు. ఆ మనిషి దొరికితే డబ్బు రాకపోయినా చదువుకున్నట్టు. దొరక్కపోతే ఎవరికో ఊరికే చాకిరీ చేసి పెట్టినట్టు.

ఇది నేను పడి తెలుసుకున్న సంగతి. 1996లో ఎమ్మెస్సీ అయ్యాక ఒక పెద్ద నగరంలోని ప్రయోగశాలలో 'ప్రాజెక్టు ట్రెయినీ' అన్న పేరుతో ఏడు నెలలు జీతం లేకుండా చేశాను. నా ఖర్చుకని అమ్మ పాడిగేదెను అమ్మేసింది. రోజూ వేరేవాళ్ళ కొలతల్ని కంప్యూటర్లోకి ఎక్కించడం, వాటికి గ్రాఫులు గీయడానికి ఫోర్ట్రాన్‌లో ప్రోగ్రాం రాయడం, ఇదే పని. ఆ ఏడు నెలల్లో నా ప్రోగ్రాముని ఒక్కరూ తెరిచి చూడలేదు. తర్వాత ఆ గ్రాఫులతోనే ఒక వ్యాసం అచ్చయింది, అందులో నా పేరు లేదు. అడిగితే "నీకు సర్టిఫికెట్ ఇచ్చాం కదా" అన్నారు. ఇంటికి వచ్చేశాక, విజయనగరంలో నాకు చదువు చెప్పిన మాస్టారు ఒకాయన నేను రాసుకున్న నాలుగు పేజీల నోట్సు అడిగి పట్టుకెళ్ళారు. వారం తర్వాత ఎర్రసిరాతో నింపి తిరిగిచ్చారు. రెండో పేజీలో నేను పెట్టుకున్న ఊహ ఎందుకు నిలవదో పక్కన మూడు వాక్యాల్లో రాశారు. ఏడు నెలల్లో రానిది ఆ మూడు వాక్యాల్లో నాకు వచ్చింది. అమ్మ మళ్ళీ గేదెను కొనుక్కోడానికి మాత్రం మూడేళ్ళు పట్టింది. అందుకే మీ అమ్మగారి గొలుసు సంగతి చదవగానే ప్రాణం ఉసూరుమంది.

ఆ గొలుసు లెక్క ఒకసారి వేద్దాం. నెలకి 11 వేలంటే ఆరు నెలలకి 66 వేలు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే, అంటే ఏడాదికి 24 శాతం, నెలకి 1,320 అవుతుంది. ఆరు నెలలకి 7,920. అసలూ వడ్డీ కలిపి దాదాపు 74 వేలు. ఉద్యోగం వెంటనే రాకపోతే ఆ 1,320 నెలనెలా నడుస్తూనే ఉంటుంది. ఇందులో డబ్బు పెడుతున్నది మీ ఇల్లు. ఆ కంపెనీ నీ పనీ తీసుకుంటోంది, నువ్వు అక్కడ ఉండే ఖర్చూ మీ అమ్మగారి మెడలోంచే తీయిస్తోంది.

నువ్వు గమనించలేదేమో, తేదీల చిక్కు కూడా ఉంది. మేలో మొదలుపెడితే ఆరు నెలలు అక్టోబరు దాకా సాగుతాయి. నాలుగో ఏడాది మొదటి సెమిస్టరు తరగతులు సగానికి పైగా పోతాయి. 75 శాతం హాజరు నియమం నీకు తెలిసిందే. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు జోరుగా నడిచేదీ ఆ నెలల్లోనే. జె.ఎన్.టి.యు. నియమావళి అడిగేది రెండో ఏడాది తర్వాత ఒకటి, మూడో ఏడాది తర్వాత ఒకటి, ఎనిమిదేసి వారాల వేసవి ఇంటర్న్‌షిప్పులు. ఆన్‌లైన్‌లో చేసినా ఒప్పుకున్నారు. పూర్తికాలం ఇంటర్న్‌షిప్‌కి చివరి సెమిస్టరు ఎలాగూ ఉంది. మీ బ్యాచ్‌కి ఏ నియమావళి వర్తిస్తుందో కాలేజీలో కాగితం చూసి ఖాయం చేసుకో. ప్రొఫెసర్ గారి ఎనిమిది వారాలు అందులో సరిగ్గా ఇముడుతాయి.

ఇక ఆ ఆఫర్ లెటరు. పనుల వరుసలో 'క్లయింట్ డాష్‌బోర్డుల తయారీ, డేటా లేబులింగ్, టెస్టింగ్' అని ఉంది. క్వాంటం అన్న మాట నీ హోదాలో తప్ప కాగితం మొత్తంలో ఇంకెక్కడా లేదు. నిన్ను ఎవరు గైడ్ చేస్తారో పేరు లేదు. నువ్వు రాసిన కోడంతా కంపెనీ సొత్తు, రెండేళ్ళ దాకా ఎవరికీ చూపించకూడదు అని మాత్రం స్పష్టంగా ఉంది. ఆరు నెలలు కష్టపడ్డాక 'ఇదిగో నేను చేసిన పని' అని చూపించుకునే దారి కూడా మూసేశారు. క్లయింటు డబ్బు కట్టే పనిలో చేతులు నీవైతే, ఆ డబ్బులో నీకు రూపాయి కూడా లేకపోవడం అన్యాయం, ఈ మాట గట్టిగానే అంటాను. అప్రెంటిస్‌లకి 1961 చట్టం కింద స్టైపెండ్ ఇచ్చి తీరాలి. అదే కుర్చీలో కూర్చోబెట్టి 'ఇంటర్న్' అని పిలిస్తే ఆ చట్టం పట్టుకోదు. ఆ సందు చూసుకునే ఇలాంటి ఆఫర్లు పుట్టుకొస్తున్నాయి.

'క్వాంటం' అన్న మాట మెరుపు నీ కళ్ళకే కాదు, నాకూ తగులుతుంది. కేంద్రం 2023 ఏప్రిల్‌లో 6,003 కోట్లతో నేషనల్ క్వాంటం మిషన్‌ని ఆమోదించింది. 2025లో అమరావతిలో క్వాంటం వ్యాలీ అన్నారు, ఐ.బి.ఎం. 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసరున్న యంత్రం వస్తుందన్నారు. మామూలు కంప్యూటర్లో బిట్ ఎలాగో, క్వాంటం కంప్యూటర్లో క్యూబిట్ అలాగ. ఈ రంగం ఉత్తుత్తిది కాదు, నీ తరం పిల్లలకి ఇందులో చోటుంది. కానీ ఇప్పుడున్న యంత్రాల్లో క్యూబిట్లు చుట్టూ ఉన్న అలజడికి చెదిరిపోతుంటాయి, గేటు (వాటిమీద చేసే ఒక్కో లెక్క) దాటిన కొద్దీ తప్పులు పోగవుతుంటాయి. వాటిమీద ఎ.ఐ. మోడళ్ళకి శిక్షణ ఇవ్వడం ఇంకా తేలని ప్రశ్న. క్యూబిట్లు పెరిగేకొద్దీ శిక్షణకి దారి చూపాల్సిన వాలు దాదాపు సున్నా అయిపోతుందని, చాలా రకాల సర్క్యూట్లలో ఈ చిక్కు వస్తుందని 2018లోనే చూపించారు. బ్యారన్ ప్లాటో అంటారు దాన్ని. ఏమాత్రం వాటం లేని మడిలో నీరు ఎటు పారాలో తెలియక నిలబడిపోయినట్టు ఉంటుంది. అంచేత ఎవరైనా క్వాంటం ఎ.ఐ. అన్నప్పుడు, ఏ అల్గారిదం, ఏ యంత్రం మీద, ఎన్ని క్యూబిట్లతో చేస్తున్నారని అడుగు. నిజంగా చేసేవాళ్ళు ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉంటారు, ఆపమన్నా ఆపరు.

క్వాంటం నేర్చుకోవడానికి హైదరాబాద్ రైలెక్కక్కర్లేదు. క్యూబిట్ ఒకటి పెరిగినప్పుడల్లా రాసుకోవలసిన సంకీర్ణ సంఖ్యలు రెట్టింపవుతాయి, ఒక్కో సంఖ్యకి 16 బైట్లు. 25 క్యూబిట్ల స్థితి అర జి.బి.లో పట్టేస్తుంది. 30కి 16 జి.బి. కావాలి. 50కి వచ్చేసరికి 16 పెటాబైట్లు, అంటే 16 జి.బి. మెమరీ ఉన్న ల్యాప్‌టాపులు పది లక్షలు పేర్చినా బొటాబొటిగా సరిపోతుంది. క్వాంటం యంత్రాలు ఎందుకు కావాలో ఆ అంకెల్లోనే ఉంది. నీకు మొదటి ఏడాది పాఠాలకి కావలసింది మాత్రం ఆ 25 లోపే. క్వాంటం ప్రోగ్రాములు రాయడానికి ఐ.బి.ఎం. ఇచ్చిన క్విస్కిట్ అనే సాఫ్ట్‌వేర్ 2017 నుంచి అందరికీ ఉచితం. నిజమైన యంత్రం మీద కూడా ఐ.బి.ఎం. నెలకి పది నిమిషాలు ఉచితంగా వాడుకోనిస్తోంది. దానికి ముందు లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా పట్టు. మాత్రికలు, ఐగెన్ విలువలు చేతితో కట్టగలిగితే మిగిలింది అదే వస్తుంది. ఐ.ఐ.టి.ల వాళ్ళు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠాలకి డబ్బు కట్టనవసరం లేదు, పరీక్ష రాస్తేనే ఫీజు.

ఈ సందర్భంలో ఈవిన్ టాంగ్ గురించి చెప్పాలి. 2018లో అమెరికాలో టెక్సాస్ యూనివర్సిటీలో డిగ్రీ విద్యార్థి, అప్పటికి వయసు 18. గురువు స్కాట్ ఆరన్‌సన్ ఒక సమస్య ఇచ్చారు. వినియోగదారులకి నచ్చే సినిమాలు, వస్తువులు సూచించే పనికి కెరెనిడిస్, ప్రకాశ్ అనే ఇద్దరు 2016లో ఒక క్వాంటం అల్గారిదం కట్టారు. మామూలు కంప్యూటర్ అంత వేగం అందుకోలేదని రుజువు చెయ్యి అన్నది సమస్య. టాంగ్ దానితో నెలల తరబడి కుస్తీ పట్టి, చివరికి మామూలు కంప్యూటర్ కూడా ఇంచుమించు ఆ వేగాన్ని అందుకోగలదని తేల్చింది. పెద్ద యంత్రమేదీ వాడలేదు. మంచి ప్రశ్న ఒకటి చేతికిచ్చి, రాసింది చదివే గురువు మాత్రం పక్కనే ఉన్నారు. నీకు దొరకవలసింది అలాంటి సహాయం. అది హైదరాబాద్ కాగితంలో లేదు. ప్రొఫెసర్ గారి జవాబులో ఉండే వీలుంది.

వీలుంది అని ఎందుకు అంటున్నానంటే, ఆయన్ని కూడా అడగవలసింది ఉంది. మెయిల్ ఇంగ్లీషులోనే రాస్తావనుకో, విషయం ఇది: "సార్, ఈ అవకాశానికి కృతజ్ఞతలు. వారానికి ఒక అరగంట మీతో గాని మీ పిహెచ్.డి. స్టూడెంట్‌తో గాని మాట్లాడే వీలుంటుందా? ఎనిమిది వారాల చివర నేను ఏం చేసి చూపించాలని మీ ఉద్దేశం? నా పని ఏదైనా వ్యాసంలోకి వెళ్తే పేర్లు ఎలా పెడతారు?" చివరి ప్రశ్న అడగడానికి జంకుతావు. జంకకు. 2017లో గూగుల్‌లో, ఇప్పటి ఎ.ఐ. మోడళ్ళు చాలావాటికి పునాది అయిన ట్రాన్స్‌ఫార్మర్ నమూనాని ప్రతిపాదించిన ఎనిమిది మందిలో ఒకరైన ఏడన్ గోమెజ్ అప్పటికి ఇంటర్న్. ఆ వ్యాసం అడుగున 'అందరిదీ సమాన భాగం, పేర్ల వరుస యాదృచ్ఛికం' అని రాసి, ఎవరెవరు ఏమేం చేశారో కూడా చెప్పారు. మంచి చోట్ల అలా చేస్తారు. ముందే అడిగితే సిగ్గు రెండు నిమిషాలు. అడక్కపోతే నాలాగా ముప్పై ఏళ్ళ తర్వాత కూడా తలుచుకుంటూ ఉంటావు.

డబ్బు లేదని ఆయన మొదటి జవాబులోనే చెప్పేశారు, ఆ నిజాయితీ నాకు నచ్చింది. ఇల్లు కదలకుండా చేసే పని కాబట్టి నీకు ఖర్చూ దాదాపు ఉండదు. జి.పి.యు. (ఎ.ఐ. లెక్కలు వేగంగా చేసే చిప్) కావలసి వస్తే క్యాగిల్ అనే వెబ్‌సైట్ వారానికి 30 గంటల దాకా ఉచితంగా ఇస్తుంది.

అయితే ఆయన ఇచ్చిన పని చేసి ఊరుకోవద్దు. తెలుగు స్పీచ్ అంటే నీ చేతిలో ఉన్న సంపద హైదరాబాద్‌లో ఏ కంపెనీ దగ్గరా ఉండదు. వారపు సంతకి వెళ్ళి నిలబడు. 'బేగి రావే' (త్వరగా రావే), 'ఏటయింది', 'ఒలే గుంటా', 'సేనుకి నీల్లెట్టీసినావా' అంటూ నాలుగు వైపులా వినపడుతుంది. అరవై దాటిన ఇరవై మందిని అడిగి, ఎందుకో వివరంగా చెప్పి, వాళ్ళు సరేనంటేనే, ఒక్కొక్కరి దగ్గర ఐదు నిమిషాలు రికార్డు చెయ్యి. వంద నిమిషాల మాట అవుతుంది. పేర్లు, ఫోన్ నంబర్లు అందులో కలపకు. తర్వాత నువ్వే కూర్చుని విన్నది విన్నట్టు రాయి. నిమిషం మాటకి పది నిమిషాలైనా పడుతుంది, అంటే పదహారు పదిహేడు గంటల పని. అప్పుడు ఆ శబ్దాన్నే ఓపెన్ ఎ.ఐ. 2022లో విడుదల చేసిన విస్పర్ అనే స్పీచ్ మోడల్‌కీ, ఐ.ఐ.టి. మద్రాసులోని ఎ.ఐ.4భారత్ వాళ్ళ మోడళ్ళకీ ఇచ్చి, నూటికి ఎన్ని మాటలు తప్పుతున్నాయో కొలువు. మోడల్ 'బేగి'ని 'బాగా' అని రాస్తుందా, అసలు వదిలేస్తుందా? 'సేను' అన్నదాన్ని 'చేను' అని రాస్తే అది తప్పు కింద లెక్కా, ఒప్పు కిందా? తప్పంటే మోడల్ మీద నింద వేసినట్టు. ఒప్పంటే మన అవ్వ మాటని దిద్ది పుస్తకం మాటగా మార్చినట్టు. ఇది నిజమైన పరిశోధన ప్రశ్న. దీనికి నీ జవాబేమిటో నాకూ వినాలని ఉంది. రేపు ఆసుపత్రిలోనో, రైతు సేవల ఫోన్లోనో యంత్రమే తెలుగులో మాట్లాడే రోజు వస్తే, అది ముందుగా అపార్థం చేసుకునేది మన పల్లెల వాళ్ళ మాటనే.

డబ్బిచ్చే చోట్ల సంగతీ తెలుసుకో, ఏ ఏడాది చదివేవాళ్ళని తీసుకుంటారో మాత్రం ప్రకటనలో చూసుకో. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగరాజ్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కి సాధారణంగా దసరా, దీపావళి రోజుల తర్వాత దరఖాస్తులు పిలుస్తారు. రెండు నెలలు, స్టైపెండుతో పాటు రైలు ఛార్జీ కూడా ఇస్తారు. ఐ.ఐ.టి. మద్రాసు వేసవి ఫెలోషిప్, ఐ.ఐ.టి. హైదరాబాద్ ష్యూర్, ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టి.ఐ.ఎఫ్.ఆర్. వాళ్ళ వి.ఎస్.ఆర్.పి. కూడా స్టైపెండున్నవే. ఐ.ఐ.టి.ల ప్రకటనలు ఎక్కువగా సంక్రాంతి దాటాక వస్తాయి. నీకు క్వాంటం మీదే మనసుంటే నేషనల్ మిషన్‌లో కంప్యూటింగ్ హబ్ బెంగళూరు ఐ.ఐ.ఎస్సీ.లో ఉంది, అక్కడి ప్రకటనలు చూస్తూ ఉండు. పి.ఎం. ఇంటర్న్‌షిప్ పేరు చెప్పి ఎవరైనా వస్తే, ఇప్పటి నియమాలు చూసుకోకుండా నమ్మకు. 2024 అక్టోబరులో అది మొదలైనప్పుడు పూర్తికాలం చదువులో ఉన్నవాళ్ళకి వర్తించదని నియమం పెట్టారు.

మూడు వేలు కడితే ఎనిమిది వారాల సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళ జోలికి అసలు పోకు.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఆయన మాటకి అడ్డం వెళ్ళకు. పరిశోధన అంటే జీతం లేని బతుకు అనే భయం ఆయనకి ఉన్నట్టుంది. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. (పరిశోధన ఫెలోషిప్) వస్తే పిహెచ్.డి. చేస్తూ నెలకి 37 వేలు తీసుకోవచ్చని, 2023 జనవరి నుంచి ఆ లెక్కే నడుస్తోందని చెప్పు. ఇంటి అద్దె భత్యం దానికి అదనం. ఈ ఎనిమిది వారాలు ఆ దారిలో మొదటి మెట్టని, దీనికి ఇంట్లోంచి పైసా తియ్యక్కర్లేదని చెబితే, రెండెకరాలు సాగు చేసే మనిషికి విత్తనానికీ పంటకీ మధ్య ఎంత కాలం ఓపిక పట్టాలో నువ్వు విడమర్చి చెప్పక్కర్లేదు. అమ్మగారికి మాత్రం ఈ రాత్రే చెప్పెయ్యి, గొలుసు తియ్యొద్దని.

హైదరాబాద్ కంపెనీకి మర్యాదగా రెండు వాక్యాల్లో రాలేనని రాసెయ్యి. ప్రొఫెసర్ గారికి ఆ మెయిల్ ఈ ఆదివారం లోపే పంపు, వేసవి వచ్చేస్తోంది. సంతలో రికార్డు చేసింది కొలిచాక, ఏం చేశావో, ఏం తేలిందో, ఎక్కడ సందేహముందో నాలుగు పేజీలు రాసి నాకూ పంపు. తెలుగులోనైనా సరే, ఇంగ్లీషులోనైనా సరే. చదివి, ఎర్రసిరాతో తిరిగి పంపిస్తాను.